రంగుల ఫ్యాక్టరీ రేవు

మార్తా ఈ దేశమొచ్చాక ఏళ్ల తరబడి డబ్బాలకు మూతలు బిగించిన రంగుల ఫ్యాక్టరీని పడగొట్టి, అదున్న నది ఒడ్డున మున్సిపాలిటీ వాళ్లు పార్కు కట్టారు. ఒకప్పుడు లోపల ఏ రంగు చేస్తే నది ఆ రంగులో పారేది. ఇప్పుడు నీళ్లు తేటపడ్డాయి. దిగడానికి మెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు వచ్చాయి.

అక్కడే కూతురు ఫెయిత్‌కు బాప్తిస్మం ఇప్పించాలని మార్తా పట్టు. వచ్చే సోమవారమే ఆ పిల్ల చదువుకు దేశం ఆ చివరనున్న హాలిఫాక్స్ వెళ్లిపోతుంది. అంత దూరం పోయాక ఎవరు అడుగుతారు, ఎవరు ముంచుతారు?

పార్కువాళ్లు పర్మిషన్ ఇచ్చారు. పడవలకూ యోగాకూ చేసినట్టే నారింజరంగు కోన్లు పెట్టి, తాడు కట్టి, లైను ఇక్కడ అని బోర్డు నిలబెట్టారు.

ఆదివారం డేవిడ్‌సన్ పాస్టర్ గారు నడుం లోతు నీళ్లలోకి దిగేసరికి తాడు వెంట జనం ఉన్నారు. హెల్మెట్ తియ్యని సైకిలాయన, కుక్కతో ఒకావిడ, ఐస్‌క్రీమ్ తింటున్న దంపతులు. లైను దేనికో వాళ్లకు తెలియదు. లైనుంది కనక నిలబడ్డారు.

"అయ్యగారూ, వాళ్లు మన సంఘం కాదండీ," అంది మార్తా.

"నీళ్ల దగ్గరికొచ్చినోణ్ణి ఎనక్కి పంపకూడదమ్మా. గోదాట్లో బాప్తిస్మాలిచ్చేటప్పుడు మా నాన్న అదే చెప్పేవోడు."

ముంచే ముందు పాస్టర్ గారు సైకిలాయన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఆయన తన విడాకుల సంగతి చెప్పి ఏడ్చాడు. హెల్మెట్‌తోనే మునిగి లేచి, థాంక్యూ అన్నాడు. కుక్కతో వచ్చినావిడ దానికి కూడా ఇస్తారా అని అడిగింది. అది సాక్ష్యం చెప్పలేదు కదా అని పాస్టర్ గారు విచారంగా తల ఊపారు.

మార్తా కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా మెట్ల వైపు నడిచింది. లైనంతా సారీ చెప్పి, చివర అటుందని చూపించింది.

ఇది మా ప్రోగ్రాం, పులావు కూడా మేమే తెచ్చాం అని మార్తా ఇంగ్లీషులో వాళ్లకు చెప్పింది. పులావు మాట విని లైను ఇంకాస్త పెరిగింది.

తల్లీకూతుళ్లు తెల్లబట్టల్లో చివరికి వెళ్లి నిలబడ్డారు.

"మమ్మీ, సాక్ష్యంలో నేనేం చెప్పాలి?"

"దేవుడు నీకు చేసిన మేలు చెప్పు."

"ఐ డోంట్ ఫీల్ ఇట్ యెట్. అబద్ధం చెప్పనా?"

"ఇప్పుడా చెప్పేది? సంఘమంతటికీ వండించాక?"

"అందుకే చెప్పలేదు."

ముందు ఎవరో తమ్ముడితో తగువు గురించి చెప్పుకుంటున్నారు. లైను ఒక్కో అడుగే జరుగుతోంది.

"వెళ్లిపోదామా?" అంది ఫెయిత్.

"మన సంఘం ఆంటీలంతా ఒడ్డు మీంచి ఇటే చూస్తన్నారు. కదలకు."

చివరికి వంతు వచ్చింది. చలికి పెదాలు నల్లబడిన పాస్టర్ గారు చెయ్యి చాపారు. "రా తల్లీ."

మార్తా వెనక్కి తిరిగి, తమ తరవాత లైనులో చేరిన పడవ తెడ్డు కుర్రాడికి దారి ఇచ్చింది. "యూ గో. మాకు తొందర లేదు."

అతను వంగి వంగి థాంక్స్ చెప్పి నీళ్లలోకి దిగాడు. అతని వెనక కవల పిల్లల బండి తోస్తున్నావిడను కూడా పొమ్మంది. ఆ తరవాత ముసలాయన్ను.

"ఏంటమ్మా మార్తమ్మా?" అన్నారు పాస్టర్ గారు.

"వాళ్లకి కానివ్వండి అయ్యగారూ," అంది మార్తా, కూతురి భుజం మీద చెయ్యి వేసి, తర్వాతి మనిషి కోసం పక్కకు జరుగుతూ.