రెండు ముళ్ళ సంచి

ఎండ ఎక్కకముందే పెద్దక్క ఇసుకలోకి దిగుతుంది. భుజాన గోనెసంచి, చేతిలో చివర మేకు దిగ్గొట్టిన కర్ర. రాత్రంతా అలలు తెచ్చి పడేసిన సీసాలూ, గ్లాసులూ, కవర్లూ ఏరడం ఆమె ఉద్యోగం. ముడి వేసిన కవరు కనిపిస్తే అక్కడే చతికిలబడి విప్పాలి. ముడి ఉన్నవి చెత్తబండి వాళ్ళు ఎక్కించుకోరు. లోపల నీళ్ళూ ఇసుకా ఉంటాయని వాళ్ళ గోల.

విప్పినప్పుడల్లా, ముడి వేసినవాళ్ళు వేస్తూ వేస్తూ అన్న మాట బయటికొస్తుంది. "ఇంకోసారి వీడి దగ్గర ఉల్లిపాయలు కొంటే నన్నడుగు," అంటుందొక కవరు. "ఏమండీ, గొడుగు!" అని అరుస్తుంది ఇంకొకటి. ఒక్కసారే పలుకుతుంది, ఆ తరవాత ఉత్త కవరే. ఆ ఊళ్ళో ప్లాస్టిక్‌కి ఆ గుణం ఎప్పట్నుంచో ఉంది. గుడ్డమూటకి లేదు, కాగితప్పొట్లానికి లేదు. అందుకే దుకాణాలవాళ్ళు ముడి వేసేటప్పుడు నోరు కుట్టేసుకుంటారు. కూరగాయలాయన వట్టి వాగుడుకాయ కనక, ముడి మీరే వేసుకోండమ్మా అని కవరు చేతికిచ్చేస్తాడు. కాబోయే కోడలి గురించి ఒకావిడ టమాటాల కవరు కడుతూ అన్న నాలుగు ముక్కలు, తీరా ఆ కవరు ఆ పిల్ల ఇంట్లోనే విప్పేసరికి బయటపడి, సంబంధం కాస్తా పెటాకులయింది.

కవర్లు బంద్ అని మున్సిపాలిటీ ప్రకటించిన రోజున పెద్దక్క అంత సంతోషించినవాళ్ళు ఊళ్ళో లేరు. పధ్నాలుగేళ్ళుగా వంగి వంగి ఆమె నడుం పోయింది. పొట్ట నిండా కవర్లతో ఒడ్డుకి కొట్టుకొచ్చిన తాబేళ్ళని తన చేతుల్తో పూడ్చింది. చేపల మార్కెట్లో బల్ల వేసుకున్న మరదలి దగ్గరికి ఆ రోజే వెళ్ళి, "ఇవాళ్టి నుంచి నీ బల్ల మీద ఒక్క కవరు కనిపించినా నేనూరుకోను," అని చెప్పింది.

"నువ్వు చెప్పాలా వదినా? గిన్నె తెచ్చుకున్నవాళ్ళకే చేప," అంది మరదలు. అన్నట్టే చేసింది. గిన్నె లేనివాళ్ళు పక్క బల్లకి పోతుంటే చూస్తూ ఊరుకుంది తప్ప మాట తప్పలేదు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు మార్కెట్టు మీద పడ్డాడు. పూలమ్మే ముసలమ్మ బుట్ట తిరగేశాడు, అరటిపళ్ళ బండి లాక్కుపోయాడు. పట్టుకున్న కవర్ల కట్టల మీద ఊదారంగు గుండ్రటి ముద్ర వేయించి, పెద్ద నల్ల ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి, మున్సిపాలిటీ గోడౌనులో పెట్టాడు. రేవు వెనకాల కవర్లు తయారయ్యే షెడ్డు మాత్రం పగలూ రాత్రీ ఆగకుండా తిరుగుతూనే ఉంది. దాని వైపు ఆయన తల కూడా తిప్పలేదు.

నెల తిరక్కుండా పెద్దక్క కర్రకి ఊదారంగు ముద్ర ఉన్న కవర్లు గుచ్చుకోవడం మొదలయింది. ఆమెకి చదువు రాదు కానీ ఆ ముద్ర తెలుసు. తన హాజరు కార్డు మీద ఉన్నదీ అదే. పట్టుకున్న సరుకు మళ్ళీ బజారుకెక్కి, చేతులు మారి, సముద్రంలో మునిగి తన కాళ్ళ దగ్గరికొచ్చింది. ఆ కవర్లు పట్టుకుని తమ పనివాళ్ళ మేస్త్రి దగ్గరికి వెళ్ళింది.

"గాలికి ఎగిరిపోయుంటాయి," అన్నాడు మేస్త్రి.

"తాళం వేసిన గోడౌను లోంచా?"

"నీ పని ఏరడం పెద్దక్కా. ఏరు."

ఆ వారంలోనే మరదలి బల్ల కింద నల్లసంచి నిండా కవర్లు దొరికాయని ఇన్‌స్పెక్టరు రాసేశాడు. బల్ల రద్దుకి నోటీసు వచ్చింది. ఆ బల్లే ఆ ఇంటికి ఆధారం. నాలుగేళ్ళ క్రితం తమ్ముడు పడవ మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు, అప్పట్నుంచీ మంచమే. మరదలు నోటీసు పట్టుకుని ఏడవలేదు. "ఆ సంచి నేనెప్పుడూ చూడలేదు వదినా," అని మాత్రం అంది, పదేపదే.

విచారణ రోజున ఆ సంచిని గోడౌను లోంచి మున్సిపాలిటీ ఆఫీసు పై అంతస్తులో హాల్లోకి మొయ్యమని మేస్త్రి పెద్దక్కకే పురమాయించాడు. గోడౌను తలుపు తీయగానే ఆమె సంచుల మూతులు చూసింది. ప్రతిదానికీ రెండేసి ముళ్ళు, ఒకదాని మీద ఒకటి, చివర్లు లోపలికి దోపి. మున్సిపాలిటీలో ఏ పనివాడూ రెండు ముళ్ళు వెయ్యడు, ఒకటి విప్పడమే గగనం.

"ఇవెవరు కట్టారు?" అని మేస్త్రినడిగింది.

"ఇన్‌స్పెక్టరు సారే కడతారు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వరు."

ఇన్‌స్పెక్టరు పై ఊరినుంచి వచ్చినవాడు. చేరిన రోజునే ఇక్కడి ముళ్ళ సంగతి ఆయనకి చెప్పారు. ఆయనా తలూపాడు. కానీ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని తప్ప ఆయన సంతకం కూడా పెట్టడు.

మెట్ల మలుపులో పెద్దక్క ఆగింది. వేళ్ళు ముడి మీదికి పోయాయి. ఇప్పుడే విప్పితే తనకి తెలుస్తుంది, కానీ గోడలు తప్ప ఇంకెవరూ వినరు. రెండోసారి అది పలకదు. పళ్ళు బిగబట్టి సంచి మళ్ళీ భుజానికెత్తుకుంది.

హాల్లో కమిషనరమ్మ, గుమాస్తా, ఇన్‌స్పెక్టరు, బెంచీల మీద మార్కెట్టు వాళ్ళు. మరదలు చేపల నీళ్ళు ఆరని చీరతోనే నిలబడి ఉంది.

"సంచి తనది కాదంటోంది కదా," అంది కమిషనరమ్మ.

"అందరూ అదే అంటారు మేడమ్. పంచనామా ఉంది. విప్పక్కర్లేదు, ఊరికే హాలంతా చెత్త," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కమిషనరమ్మ వాచీ చూసుకుని కలం తీసింది.

తాబేళ్ళూ, పూలమ్మే ముసలమ్మా, పధ్నాలుగేళ్ళ నడుం నొప్పీ పెద్దక్కకి ఒక్కసారి గుర్తుకొచ్చాయి. "సంతకం ఆపండమ్మా!" అని అరిచి, సంచి బల్ల మీద ధబ్బున పడేసి, పళ్ళతో లాగి మొదటి ముడి విప్పేసింది.

"ఆ, చెప్పండి," అంది ముడి, ఇన్‌స్పెక్టరు గొంతుతో. "మీ షెడ్డు సరుకు ఎక్కడికి పోతుంది? సాయంత్రం వెనకగేటుకి బండి పంపండి. ఈ ఒక్క సంచీ వదిలెయ్యండి, చేపలావిడ బల్ల కింద పెట్టిస్తున్నా. ఆ బల్ల మీ బావమరిదికే, సరేనా?"

బెంచీలన్నీ ఒక్కసారి లేచాయి. ఇన్‌స్పెక్టరు మాత్రం తొణకలేదు. "అది నా గొంతు కాదు మేడమ్. మిమిక్రీ చేసేవాళ్ళకి ఊళ్ళో కరువా? ఎవడో కావాలని కట్టిన ముడి."

కమిషనరమ్మ గుమాస్తా వైపు చూసింది. కలం ఇంకా ఆమె వేళ్ళ మధ్యే ఉంది.

పెద్దక్క రెండో ముడి పట్టుకుంది.

"అది వద్దు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి గొంతు వేరేగా ఉంది.

విప్పేసింది.

"బంగారుతల్లీ! స్కూలు గేటు లోపలే ఉండమ్మా. ఎవరు పిలిచినా వెళ్ళకు, నాన్న వచ్చేస్తున్నాడు. ఏడవకు. ఏదీ, ఒకసారి నవ్వు, నాకు వినపడాలి."

కమిషనరమ్మ కలం పక్కన పెట్టింది. "ఇది కూడా మీ గొంతు కాదా?" అనడిగింది.

కాదని ఒక్క మాటంటే చాలు, ఇన్‌స్పెక్టరు బయటపడిపోతాడు. హాలంతా ఆ మాట కోసమే చూస్తోంది. ఆయన చూపు ఖాళీగా వేలాడుతున్న సంచి మూతి మీదే ఉండిపోయింది.

"నాదే," అన్నాడు చివరికి. "నా కూతురితోనే మాట్లాడాను."

కమిషనరమ్మ నోటీసు అడ్డంగా చింపేసింది. "బల్ల ఆవిడదే. గోడౌను తాళాలు ఇక్కడ పెట్టి మీరు వెళ్ళండి." మరదలు గోడకి చేరగిలబడి, అప్పుడు ఏడ్చింది, వెక్కివెక్కి, అందరూ చూస్తుండగానే.

తలుపు దాటుతున్న ఇన్‌స్పెక్టర్ని పెద్దక్క తేరిపార చూసింది. ఆమెకి జాలి కలగలేదు. తన తమ్ముడి పిల్లలకీ నాన్న ఉన్నాడు. వాళ్ళ కంచం లాక్కునేటప్పుడు ఈయనకి అది గుర్తుకు రాలేదు. ఆయన బల్ల మీద పెట్టిన తాళాలు తీసి కొంగున ముడేసుకుంది.

"ఎక్కడికి?" అంది కమిషనరమ్మ.

"కింద ముప్ఫై ఎనిమిది సంచులున్నాయి. అన్నీ ఆయన కట్టినవే." పెద్దక్క మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఆ షెడ్డు వాళ్ళతో ఇంకెవరెవరు మాట్లాడారో అందరం విందాం. కింద కుర్చీ వేయిస్తాను, మీరూ రండి."