నీరొళ్ళు

శేషారత్నం కాళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. నాడి కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పుతోంది. డాక్టర్ యేసుదానం ఆమె మణికట్టు వదలకుండానే తలెత్తాడు.

"ఏం మింగింది? చెప్పండి, టైము లేదు!"

అబిడ్స్‌లోని ఆ చిన్న నర్సింగ్ హోమ్‌కి ఆమె వెంట ముగ్గురు వచ్చారు. మంచం పక్కన ఆమె భర్త జగన్మోహనరావు, రాజధానితో పాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చిన సెక్రటేరియట్ గుమాస్తా. మూల బల్ల మీద అతని తల్లి వెంకటరత్నమ్మ. గుమ్మంలో నాంపల్లిలో వాళ్ళుండే ఇంటి యజమానురాలు కిష్టవ్వ. స్పృహ తప్పిన మనిషిని రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది ఆవిడే.

"ఇదిగో, ఈవిడే!" జగన్మోహనరావు కిష్టవ్వ వైపు వేలు చూపించాడు. "సన్నబడతావని రోజూ ఏదో కషాయం తాగిస్తోంది."

"నోరు మంచిగుంచుకో సారూ! గవి జీలకర్ర నీళ్ళు. నేను సుత తాగుతున్న. నేనేమన్న సచ్చిన్నా?"

"జీలకర్రతో ఇలా కాదు," అన్నాడు డాక్టరు. "బరువు తగ్గిందా?"

"తగ్గకేం! ప్రతి ఆదివారం నాంపల్లి స్టేషన్‌లో తూకం మిషన్ ఎక్కిస్తున్నాను." జగన్మోహనరావు గొంతులో ఆ స్థితిలోనూ చిన్న గర్వం తొంగిచూసింది. "టిక్కెట్టు పడ్డప్పుడల్లా తగ్గుతూనే ఉంది. నీరొళ్ళు కదండీ, ఇట్టే దిగిపోతోంది."

"నీరొళ్ళా?"

"మా వైపు లావుగా ఉన్నవాళ్ళని అలాగే అంటారు."

డాక్టరు శేషారత్నం జబ్బ మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి చూపించాడు. పిడికెడు కొవ్వు వేళ్ళ మధ్య నిలిచింది.

"మాటకి నీరొళ్ళు. ఒంట్లో ఉన్నది కొవ్వు. అది ఎక్కడికీ పోలేదు. కొవ్వు కరగడానికి నెలలు పడుతుంది. ఈవిడ ఒంట్లోంచి పోయింది నీరూ, లవణాలూ, కాస్త కండా. మీ మిషన్‌కి ఆ తేడా తెలియదు."

"ఔ," అంది కిష్టవ్వ. "జాకెట్టు గట్లనే బిగుతుగున్నది. బిందె మాత్రం లేపుతలేదు బిడ్డ."

"నీరు తీసే మాత్రలు వాడితే ఇలా అవుతుంది. అదే నిజమైతే పొటాషియం లవణం ఎక్కించాలి. నా అనుమానం తప్పయితే, ఆ లవణమే ప్రాణం తీస్తుంది." డాక్టరు మూలకి తిరిగాడు. "మీ ఇంట్లో ఆ మాత్రలు ఒక్కరికే రాశాను."

అందరూ వెంకటరత్నమ్మ వైపు చూశారు.

"అమ్మా!" జగన్మోహనరావు అరిచాడు. "కోడలికి నీ మాత్రలు పెట్టావా?"

వెంకటరత్నమ్మ కొడుకు వంక తెల్లబోయి చూసింది. డాక్టరు ఆమె ముందు వంగి, చీర అంచు కొద్దిగా తొలగించి, చీలమండ మీద వేలితో నొక్కాడు. వేలు తీసినా గుంట పూడలేదు.

"ఈవిడ ఒంట్లో నీరు తిరిగి చేరింది. మాత్ర వేసుకుని చాలా రోజులైంది. ఏమ్మా, మరి మీ మాత్రలు ఎటు పోతున్నాయి?"

"అమ్మా, ఆలోచించి మాట్లాడు," అన్నాడు జగన్మోహనరావు.

మంచం మీద శేషారత్నం మూలిగింది. నాడి మళ్ళీ ఒక దెబ్బ తప్పింది.

"ఆలోచించే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నానురా," వెంకటరత్నమ్మ బల్ల అంచు పట్టుకుని లేచింది. "నీ పెళ్ళాం ఎక్కితే రిక్షావాడు ఇద్దరి కిరాయి అడుగుతాడని ఆఫీసులో నవ్వారన్నావు. ఆ మర్నాటి నుంచి దాని కాఫీ నువ్వే కలుపుతున్నావు. మొగుడు ముచ్చటగా ఇస్తున్నాడని ఆ పిచ్చిది తాగింది. నా మాత్రలేవిరా అని అడిగితే, నీరొళ్ళేగా అమ్మా, నీరు తీస్తే తప్పేంటన్నావు." ఆమె డాక్టరు వైపు తిరిగింది. "లవణం ఎక్కించండి బాబూ. ఆ మాత్రలే. కలిపింది వీడే, నా కొడుకు జగన్మోహనరావే!"