ఇంట్లోకి సరిపడే మాండలిన్

ఉతికిన దుప్పట్లు మడతపెడుతూ, దిండుకి ఆనించిన ఫోనులో మాండలిన్లు చూస్తోంది ఆమె. మూడు నెలలుగా ఇదే వరస. కూరలు తరుగుతూ ఒక మోడల్, బస్సులో నిలబడి ఇంకో మోడల్. పక్కనే పేపరు చదువుకుంటున్న భర్త ఒకసారి తొంగిచూసి, "అన్నీ ఒకలాగే ఉన్నాయి కదా, ఇందులో అంతసేపు చూడ్డానికేముంది?" అన్నాడు. పాపం, ఆ మాటలో వెటకారమేమీ లేదు. దుప్పట్లు వాటంతటవే మడతపడి బీరువాలోకి వెళ్లిపోతాయని ఇరవై ఏడేళ్లుగా నమ్ముతున్న మనిషికి, మాండలిన్లన్నీ ఒకలాగే కనిపించడంలో వింతేముంది?

ఒకలాగే ఉండవు. చవక రకానికి పలచటి చెక్కపొరలు అతికించి పైపలక చేస్తారు. ఖరీదైనవాటికి దళసరి చెక్కని ఉలితో చెక్కి వంపు తీస్తారు. వాటిలోనూ మళ్లీ రకాలు. నీటిబొట్టు ఆకారంలో ఉండి నడుమ కోలగా ఒకే రంధ్రం ఉన్నది ఒకటి. భుజం దగ్గర మెలిక తిరిగి, రెండు పక్కలా సన్నటి వంకర చీలికలున్నది ఇంకొకటి. వెనక కుండలా బొజ్జ ఉన్నది మూడోది. ఆ మెలిక చూపులకే తప్ప నాదానికి పనికిరాదనీ, అయినా ధర అంతా దాని దగ్గరే ఉంటుందనీ కూడా ఆమెకి తెలుసు. పాత మాండలిన్ మెడ వంగిపోయి, తీగలు వేళ్లకి అందనంత పైకి లేచాయి. ఈసారి తన జీతంలోంచి, ఎవరినీ అడక్కుండా, మంచిది కొనుక్కుందామనుకుంది.

ఆస్పత్రిలో ఆమెది వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం. అద్దానికి ఇవతల కూర్చుని, అవతల చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నవాళ్లకి సన్నటి కూతలు వినిపించి, "వినబడగానే చెయ్యెత్తండి" అంటుంది. అందరూ ఆమెని చెవి మేడం అంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊది జీతం తెచ్చుకునేది మేమొక్కళ్లమే అని తనే జోకులేస్తుంది. తను చేయి పట్టుకుని పని నేర్పిన కుర్రడాక్టరు ఇవాళ ఆ విభాగానికి పెద్ద. "మేడం, పేషంట్లతో మీకున్న ఓపిక ఎవరికీ లేదు. మీరు అక్కడే ఉండాలి," అంటాడు. పొగడ్త అనే మేకు కొట్టి ఆ కుర్చీకే బిగించేశారు. ఆ పద్ధతి ఆమెకేం కొత్త కాదు. ఇంట్లో అత్తగారు అంతకంటే ముందే వాడి చూపించింది.

పెళ్లయిన వారానికి మాండలిన్ తీస్తే అత్తగారు తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నది. "ఎంత బాగా వాయిస్తావమ్మా! మా ఇంట్లో ఎవరికీ ఇంత విద్య లేదు. ఎవరూ పడుకోని టైం చూసుకుని వాయించుకో తల్లీ," అంది. తిట్టి ఉంటే తిరగబడేదేమో. ఆ ఇంట్లో ఎవరూ పడుకోని టైం అంటూ ఉంటే కదా! భర్తకి అప్పట్లో రాత్రి డ్యూటీలు, పగలు నిద్ర. తర్వాత పాపకి నిద్ర. పాప పెద్దదై పరీక్షలు. ఆ పరీక్షలు అయ్యేసరికి అత్తగారికి జబ్బు. అందుకని ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. తీగల కింద మెత్తటి గుడ్డ మడిచి దూర్చి, తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్ల పక్కన పెట్టి, బొటనవేలి మెత్తతో మీటడం. పక్కగదిలో దోమ కూడా లేవదు. ఇంటిని సంతోషపెట్టానూ, వాయిద్యాన్నీ వదల్లేదు, ఎంత తెలివిగలదాన్నో అనుకుని మురిసిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తెలివికే ఏడుపొస్తుంది.

ఒకసారి కూతురు ఫోనులో స్నేహితురాలితో అంటుంటే విన్నది. "మా అమ్మ మాండలిన్ వాయిస్తుందే. అయితే నేనెప్పుడూ వినలేదు." గొప్పగానే చెప్పింది పిల్ల. ఆమె కూడా నవ్వుకుంటూనే గిన్నెలు తోముకుంది. రెండు రోజుల తర్వాత ఆస్పత్రిలో ఎవరో ముసలాయన కూత వినబడక అద్దంలోంచి బిక్కమొహం వేసుకుని చూస్తుంటే, ఎందుకో ఆ మాట గుర్తొచ్చి కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

శనివారం సగంపూట సెలవు పెట్టి మాండలిన్లు చేసే మేస్త్రి దగ్గరికి వెళ్లింది. ఇరుకు గది, రంపంపొట్టు వాసన, గోడ నిండా మెడలు పట్టి వేలాడదీసిన వాయిద్యాలు. మేస్త్రి అరవై దాటిన మనిషి. ఆమె అడిగిన మూడు రకాలూ బల్ల మీద పరిచాడు. ఆమె సంచిలోంచి చిన్న మిషన్ తీసి పక్కన పెట్టింది. శబ్దం ఎంతుందో అంకెల్లో చూపించే మిషన్ అది, ఆస్పత్రిది.

"ఇదేంటమ్మా? థర్మామీటరా?" అన్నాడు మేస్త్రి.

"శబ్దం కొలుస్తుందండీ. మూడింటినీ పోల్చి చూసుకుందామని."

మేస్త్రికి ముచ్చటేసింది. ఇంత పద్ధతిగా కొనే మనిషిని తను చూడలేదన్నాడు. ఆమె మొదటిది ఒళ్లో పెట్టుకుని, ఎప్పటిలాగే బొటనవేలితో, పాత పాటొకటి నాలుగు వరసలు వాయించింది. యాభై ఎనిమిది. రెండోది, మెలిక ఉన్నది. యాభై ఎనిమిది. బొజ్జది. యాభై ఏడు. "ఈ మూడోదే ఇచ్చెయ్యండి," అంది తృప్తిగా.

"ఎందుకని?"

"ఒక పాయింటు తక్కువుంది కదండీ. ఇంట్లోకి ఇది సరిపోతుంది."

మేస్త్రి కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "నలభై ఏళ్లనించి ఈ పని చేస్తున్నానమ్మా. ఏది ఎక్కువ పలుకుతుందని అడిగినవాళ్లే గానీ, తక్కువ పలికేదానికి ఇంత ఖరీదు పెట్టేవాళ్లని చూళ్లేదు. పైగా మూడూ ఒకటే పలికాయంటే తప్పు వాటిది కాదు," అని, రెండోది అందుకుని అవే నాలుగు వరసలు వాయించాడు. గోడ మీదున్న తీగలన్నీ సన్నగా వంత పాడాయి. మిషన్ ఎనభై ఆరు చూపించింది. ఆమె ఆ అంకెనే చూస్తూ ఉండిపోయింది. ఎన్ని వేలమందికి వినికిడి కొలిచింది! తన శబ్దం ఎంతకి పడిపోయిందో కొలుచుకోవాలని ఒక్కనాడూ తోచలేదు.

"బిళ్లతో మీటండమ్మా. గట్టిగా. విరిగితే నేనే బాగుచేస్తాగా," అని మేస్త్రి వాయిద్యం ఆమె చేతికిచ్చాడు.

మీటింది. అరవై రెండు. మళ్లీ మీటింది. మణికట్టు ముందుకి పోతూ పోతూ, ఆఖరి క్షణంలో తనంతట తనే వెనక్కి తగ్గుతోంది. ఎవరో గదిలో పడుకున్నట్టు. ఎవరు పడుకున్నారని? అత్తగారు పోయి ఎనిమిదేళ్లు. భర్త రాత్రి డ్యూటీలు మానేసి అంతకంటే ఎక్కువే అయింది. కూతురు ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక్కతే ఉన్నప్పుడు కూడా తీగల కింద గుడ్డ దూర్చుకునే కూర్చుంది. ఎవరూ చెయ్యమనలేదు. అంతకు ముందరి ఏళ్లకైతే ఎవరిమీదైనా కోపం తెచ్చుకోవచ్చు. ఈ ఎనిమిదేళ్లకి ఎవరిని నిలదీయాలి? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనేమో. పద్దెనిమిదేళ్లప్పుడు కాలేజీ హాలు చివరి వరస దాకా వినిపించిన చెయ్యి ఇది. ఆ చెయ్యి ఇక తిరిగి రాదని ఆమెకి అర్థమైపోయింది. మేస్త్రి చూడనట్టు ఉలి సానబెట్టుకుంటున్నాడు.

ఆమె మొహం తుడుచుకుని మళ్లీ పట్టుకుంది. ఈసారి మిషన్ వైపు చూడలేదు. మొదటి వరస తప్పిపోయింది. రెండోది గరగరమంది. మూడో వరసలో తీగ ఒక్కసారి ఖణేల్మంది. ఉలిక్కిపడి, "సారీ," అంది.

"ఎవరికమ్మా?" అన్నాడు మేస్త్రి, తలెత్తకుండా.

ఎవరికో ఆమెకీ తెలీలేదు. "ఇదే తీసుకుంటానండీ," అంది, "ఈ పాట ఒక్కసారి చివరిదాకా వాయించి వెళ్తాను." తప్పులు తప్పుల్లాగే పడుతున్నాయి. వేళ్లు మండుతున్నాయి. సగంలో ఉండగా ఫోను మోగింది. భర్త. ఆమె చిటికెనవేలితో స్పీకరు నొక్కి, ఫోను బల్ల మీదే వదిలేసి వాయిస్తూనే ఉంది.

"హలో! ఎక్కడున్నావు? ఎవరిదా మోత? ఏమీ వినబడట్లేదు, కాసేపు ఆపమను!"

"నేనేనండీ," అంది ఆమె, తీగల మీంచి చెయ్యి తియ్యకుండానే. "అయ్యేదాకా ఆగండి."