మబ్బుల దారిలో నూనె బొట్టు

ముందుగా క్షమించండి. నేను యాభై ఎనిమిదో ఏట వయోజన కేంద్రంలో అక్షరాలు దిద్దాను. ఒత్తులు ఇప్పటికీ తప్పిపోతాయి, ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. ఈ కథ చెప్పేది ఒక సైకిల్. దానికి నోరు లేదు కనుక చేతిరాత నాది. కథలో నేనూ వస్తాను. అది నన్ను ఎలా చూసి ఉంటుందో అలాగే రాశాను.

నేను ఒక రోడ్డు సైకిల్‌ని. నాకు గంట లేదు, వెనక క్యారియర్ లేదు, నిలబడడానికి స్టాండు కూడా లేదు. నన్ను చూసినవాళ్ళు ముందు రెండు వేళ్ళతో ఎత్తి ఆశ్చర్యపోతారు. తరువాత, ఇంత సన్నటి చక్రాల మీద మనిషి ఎలా కూర్చుంటాడని అడుగుతారు.

ఎక్కడో సముద్రం అవతల, నల్లటి కార్బన్ నారను పొరలు పొరలుగా అంటించి, వేడికి కాల్చి నన్ను చేశారు. విశాఖపట్నంలో ఒక కళ్ళ డాక్టరు నన్ను మొదట కొన్నాడు. కొని గోడకు తగిలించాడు. "వచ్చే ఆదివారం నుంచి తొక్కుతాను" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. రెండేళ్ళు ఆదివారాలు వచ్చాయి, వెళ్ళాయి. చుట్టాలు నా పక్కన నిలబడి ఫోటోలు దిగారు. మనుషులు కొన్నిటిని వాడడానికి కొంటారు, కొన్నిటిని వాడబోతున్నామని అనుకోవడానికి కొంటారు.

తరువాత మైథిలి చేతికి వచ్చాను. బ్యాంకులో ఆఫీసరు. తెల్లవారుజామునే భీమిలి దాకా తొక్కేది. సముద్రపు ఉప్పు నా గొలుసుకు పట్టేది, ఆవిడ ఓపికగా తుడిచేది. ఒక ఏడాది ఆవిడా, మరో అయిదుగురు స్నేహితులూ కలిసి శ్రీలంక కొండల్లో పదిరోజులు సైకిల్ తొక్కాలని బయలుదేరారు. నా చక్రాలు ఊడదీసి, నన్ను పెట్టెలో పడుకోబెట్టి విమానం ఎక్కించారు.

వంటకు అసిరమ్మ వచ్చింది. మైథిలి ఇంట్లో తొమ్మిదేళ్ళుగా వండుతున్న ఆవిడ. వంద కిలోమీటర్లు తొక్కుతామని చెప్పుకునే ఆ ఆరుగురికీ పొద్దున్నే ఉప్మా పడకపోతే కాలు లేవదు.

కొండమీద మేం దిగిన బంగళా ముందు అన్నీ టీ తోటలే. మబ్బు వచ్చి వరండాలో కూర్చునేది, కాసేపటికి తనే లేచి వెళ్ళిపోయేది. మొదటి రోజు బయలుదేరే ముందు సైకిళ్ళకు పూజ చెయ్యాలన్నారు. పోర్టులో ఇంజనీరుగా చేసి రిటైరైన జోగారావు నిమ్మకాయలు, కొబ్బరికాయ సూట్‌కేసులోనే తెచ్చుకున్నాడు. ఇంజన్లు నడిపినవాళ్ళకే శకునాల మీద నమ్మకం ఎక్కువని అప్పుడు తెలిసింది.

"పెద్దమ్మా, నా సైకిల్‌కి నువ్వే బొట్టు పెట్టు" అంది మైథిలి.

అసిరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఒద్దమ్మా. నా సెయ్యి మంచిది కాదు. ఆయన పోయి ఇరవై రెండేళ్ళయింది. అప్పట్నుంచి ఎవలికీ బొట్టు పెట్నేదు."

"తొమ్మిదేళ్ళుగా నీ చేత్తో తింటున్నాను. నాకేమయింది?"

"తిండి ఏరు, బొట్టు ఏరమ్మా."

"నాకు ఏరు కాదు. పెట్టు."

జోగారావు మైథిలి వైపు తిరిగాడు. "శుభమా అని బయలుదేరుతున్నాం. ఎందుకమ్మా మొండిపట్టు? నా సైకిల్‌కి మాత్రం నేనే పెట్టుకుంటాను."

అసిరమ్మ కొంగు నడుముకు దోపుకుంది. తరువాత లోపలికి వెళ్ళి పసుపు కలుపుకొచ్చింది. ఆ మంచుకి నీళ్ళ బొట్టు కారిపోతుందని కొబ్బరినూనెతో కలిపింది. బొట్టు ఎక్కడ పెట్టాలో వెతికింది. నా ఒంట్లో సన్నటి గొట్టాలే తప్ప నుదురు అంటూ లేదు. చక్రాల మధ్యన గుండ్రంగా, హారతి పళ్ళెంలా మెరుస్తున్న రేకులు ఆవిడకు నచ్చాయి. ముందుదానికీ వెనకదానికీ నిండుగా పసుపు రాసి, పైన కుంకుమ అద్దింది. ఆ రేకుల్ని పట్టుకుంటేనే నా బ్రేకులు పనిచేస్తాయి. చెప్పడానికి నాకు నోరేదీ?

ఎక్కేటప్పుడు బ్రేకుతో పని లేదు. మూడు గంటలు ఎక్కాం. మలుపు తరువాత మలుపు. ఆకు కోసే ఆడవాళ్ళు తలకు తగిలించుకున్న బుట్టలతో తెల్లటి మబ్బులోంచి నడుము దాకా తేలి కనిపించి, మళ్ళీ మునిగిపోయేవారు. ఎక్కడో బడిపిల్లలు పాఠం వల్లిస్తుంటే ఆ గొంతులు మాత్రమే దారికి అడ్డంగా వెళ్ళాయి. మైథిలి ఊపిరి, నా గొలుసు చప్పుడు ఒకటే అయిపోయాయి. నేను నేల మీద ఉన్నానా, పెట్టెలో పడుకుని కలగంటున్నానా అనిపించింది.

కొండ మీదినుంచి దిగడం మొదలుపెట్టాం. మొదటి మలుపు దగ్గర మైథిలి బ్రేకు నొక్కింది. రేకు జారింది. ఇంకా గట్టిగా నొక్కింది. చేప చేతిలోంచి జారినట్టు చక్రం జారిపోతూనే ఉంది. గాలి ఈల వేసింది. ఎదురుగా మలుపు, మలుపు అవతల లోయ. మైథిలి లోయ వైపు తిరగకుండా నన్ను కొండవాలు వైపు తిప్పింది. ఇద్దరం టీ పొదల్లోకి ఎగిరి పడ్డాం. ఒక్క క్షణం అంతా ఆకుపచ్చగా, నిశ్శబ్దంగా ఉంది.

సామాన్లతో మా వెనకే వచ్చే వ్యాన్‌లోంచి అసిరమ్మ అది చూసింది. వ్యాన్ ఆగకముందే తలుపు తీసింది. మైథిలి మోచెయ్యి చీరుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. కానీ అసిరమ్మ ఆవిణ్ణి ముట్టుకోలేదు. చేతులు రెండూ కొంగులో దాచుకుని దూరంగా నిలబడింది.

"పొద్దుటే చెప్పాను" అన్నాడు జోగారావు.

"అవును బాబూ. నన్ను ఇంటికి పంపీండి" అంది అసిరమ్మ. "వండను కూడా వండను. ఈ సేత్తో వండింది తిని ఇంకెవలికేటవుతాదో."

మైథిలి ఏదో అనబోయింది. ఈలోగా వ్యాన్ డ్రైవరు సెల్వరాసా నన్ను లేవనెత్తి చక్రం తిప్పాడు. ఆ తోటల్లోనే పుట్టిన తమిళుడు. రేకు మీద వేలితో రాసి, వాసన చూసి, నవ్వు ఆపుకుంటూ ఆ వేలు అసిరమ్మ ముక్కు దగ్గర పెట్టాడు.

ఆవిడ వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"కొబ్బరినూనె" అంది.

"బ్రేకుకి నూనె రాశావా పెద్దమ్మా!" అని మైథిలి పొదల్లోనే కూలబడి నవ్వింది. నవ్వుతుంటే మోచెయ్యి నొప్పి పుట్టి "అమ్మా" అంది, మళ్ళీ నవ్వింది.

జోగారావు తన సైకిల్ వైపు పరుగెత్తాడు. "నాదానికి కూడా రాశావా ఏమిటి?"

"నేదు బాబూ. మీరొద్దన్నారు గదా."

అసిరమ్మ కొంగులోంచి చేతులు బయటికి తీసి చూసుకుంది. "నూనేనా? నూనె వొల్లేనా?" అని సెల్వరాసాని అడిగింది. భాష తెలియకపోయినా అతను తల ఊపాడు. ఆవిడ ఏడ్చింది. ఇరవై రెండేళ్ళుగా మేనకోడలి పెళ్ళిలో, పక్కింటి సీమంతంలో వెనక వరసలో నిలబెట్టింది ఈ చేతినే. ఏం తప్పు చేసిందో ఎవరూ చెప్పలేదు, కనుక సరిదిద్దుకునే దారీ లేకపోయింది. ఇప్పుడు మొదటిసారి నిజంగా ఒక తప్పు చేసింది. అది గుడ్డతో తుడిస్తే పోయే తప్పు.

తనే తుడుస్తానంది. సెల్వరాసా స్పిరిట్ ఇచ్చాడు. రోడ్డు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఇత్తడి గిన్నె తోమినట్టు రెండు రేకులూ తోమింది. నూనె తాగిన పాత బ్రేకు ముక్కలు తీసేసి అతను కొత్తవి బిగించాడు. తరువాత నన్ను ఎత్తి పట్టుకుని చక్రం జోరుగా తిప్పి, నొక్కమన్నట్టు ఆవిడకు సైగ చేశాడు.

జోగారావు చూస్తున్నాడు. మైథిలి చూస్తున్నది. అసిరమ్మ నా బ్రేకు మీద చెయ్యి వేసి నొక్కింది. గిర్రున తిరుగుతున్న చక్రం ఠక్కున ఆగిపోయింది.

ఎంతోమంది నన్ను పట్టుకున్నారు. అంత గట్టిగా, అంత నమ్మకంగా ఎవరూ పట్టుకోలేదు.

ఇట్లు,
యర్ర అసిరమ్మ, వయసు అరవై నాలుగు. ప్రస్తుతం ఉండేది విశాఖపట్నం, గోపాలపట్నంలో.