గేటుకు కట్టిన బర్రె

మత్తయి ఆళ్లగడ్డ–నంద్యాల బస్సులో కండక్టరు. చెయ్యి బయట పెట్టొద్దు, మెట్ల మీద నిలబడొద్దు అని ఊరందరికీ జాగ్రత్తలు చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషి. ఇంటి గేటు కింది కడ్డీ ఊడిపోతే, వెల్డింగు షాపువాడు రేపు రేపంటూ తిప్పించుకున్నాడు. ఆ కోపంలో మత్తయి నంద్యాలలో చిన్న వెల్డింగు మిషను కొని తన బస్సులోనే ఇంటికి తెచ్చుకున్నాడు.

సెలవురోజు పొద్దున ముస్తాబయ్యాడు. మందపాటి నూలు చొక్కా, మోకాళ్లదాకా గమ్‌బూట్లు, తోలు గ్లవుజులు, ముఖానికి నల్లద్దం ముసుగు. అద్దంలో చూసుకుంటే కొంచెం భయమేసింది, కొంచెం గర్వంగానూ ఉంది.

"ఏందప్పా, పెండ్లికి పోతాండావా?" అంది భార్య లూదియా. రోజూ ఈ వేళకు ఆమె బర్రెను గొలుసుతో గేటుకు కట్టి కొట్టం కడుగుతుంది. కడగడం అయ్యాక తడి చేతులతో, ఒట్టి కాళ్లతో వచ్చి విప్పుకుపోతుంది.

"బర్రెను ఆ పక్క కట్టేదా?"

"దాన్ని నేనేం జేస్తా? నువ్వు బేగా కడుగుపో."

మిషను వైరు గేటుదాకా అందలేదు. పాత టేబుల్ ఫ్యాను వైరు కోసి, ముడేసి, టేపు చుట్టాడు. రెండు చుట్లు చాలనుకున్నాడు, ఎందుకంటే మూడో చుట్టుకు టేపు లేదు. ఆ ముడి పోయి సరిగ్గా గేటు అంచు మీదే పడింది. ఎక్కిందెవరు, దిగిందెవరు అని చూడకుండా బస్సును కదలనివ్వని మనిషి, గేటుకు అంటుకుని ఎవరున్నారో చూడకుండా స్విచ్చి వేశాడు.

నిప్పురవ్వలు పడి టేపు కరిగింది. గేటంతా కరెంటు పాకింది. బూట్లూ గ్లవుజులూ వేసుకున్న మత్తయికి ఏమీ తెలియలేదు. బర్రెకు బూట్లు లేవు.

అది పెట్టిన అరుపుకు వీధి వీధంతా బయటికొచ్చింది. ఒక్క గుంజుడుకు గేటు రెక్క ఊడింది, వైరు తెగింది, మత్తయి పోయి పేడదిబ్బలో పడ్డాడు. బర్రె గేటును ఈడ్చుకుంటూ నంద్యాల రోడ్డెక్కింది. మత్తయి లేచి దాని వెనకాలే పరిగెత్తాడు. టీ కొట్టు దగ్గరున్న ఆయన బస్సు డ్రైవరు సంజీవయ్య ఎలాగో దాన్ని ఆపాడు.

"ఏం మత్తయ్యా, గేటుకు గూడా టికెట్ కొట్టల్లా?" అన్నాడు.

అందరికంటే గట్టిగా నవ్వింది మత్తయే. ఎవరూ నవ్వకముందే తన మీద తానే నవ్వేస్తే ఇంక ఎవరికీ పని ఉండదని ఆయన నమ్మకం. బర్రెను తోలుకుని, గేటు భుజానేసుకుని ఇంటికి వస్తూనే, రేపు డిపోలో ఈ కథ ఎలా చెప్పాలో ఆలోచించుకున్నాడు. ముసుగుతో మొదలుపెట్టాలి. పేడదిబ్బ దగ్గర కాస్త ఆగాలి.

లూదియా గేటు లేని స్తంభం పక్కనే నిలబడి ఉంది. నవ్వలేదు.

"కొట్టం కడిగేది అయిపోయిండె. విప్పుదామని వస్తాంటి," అంది. "ఇంగ గొలుసు మీద చెయ్యి ఏసేదే."

మత్తయి ఆమె కాళ్లు చూశాడు. తడిగా ఉన్నాయి. చెప్పులు లేవు. ఇంత భయం ఆయన జన్మలో పడలేదు. తన ఒంటికి ఇన్ని కట్టుకున్నాడే, ఈమె గుర్తే రాలేదే అనుకుంటే తన మీద తనకే అసహ్యమేసింది.

"చెప్పులేసుకో మే," అన్నాడు, ఇంకేమనాలో తెలియక.

"ఇప్పుడా?" అంది ఆమె.

మర్నాడు డిపోలో అందరూ చుట్టూ చేరారు. మత్తయి మొదలుపెట్టాడు. ముసుగు చెప్పాడు, రెండు చుట్ల టేపు చెప్పాడు, పేడదిబ్బ దగ్గర ఆగాడు. వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు.

"ఇంటికి పోతానే వదినేమనిందప్పా?" అన్నాడు సంజీవయ్య, కళ్లు తుడుచుకుంటూ.

మత్తయి టికెట్ల సంచీ బల్ల మీద పెట్టేసి, ముఖం కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోయాడు.