చారణుడి చీటీ

చీటీల మాస్టారు బిస్కెట్టును టీలో ముంచి, విరిగి పడేలోపే నోట్లో వేసుకుని, ఆ గెలుపుకి తనలో తాను నవ్వుకున్నారు. వేళ్ళు తుడుచుకుని ‘చ’ అక్షరం పెట్టె ముందుకు లాక్కున్నారు. నిఘంటువు కార్యాలయంలో ముప్పై రెండేళ్ళుగా ఆయన పని ఒక్కటే: ఏ మాట ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నారో చీటీ మీద రాయడం.

ఇవాళ్టి మాట చారణుడు. ఊరూరా తిరిగి పాడేవాడు.

"పాత పుస్తకాల్లో తప్ప ఎక్కడా లేదు మాస్టారూ," అంది సంపాదకురాలు. "ఈ వందేళ్ళలో ఒక్కరైనా అన్న దాఖలా లేకపోతే కత్తి గుర్తు పెట్టేద్దాం. సాయంత్రం అచ్చుకి పోవాలి."

కత్తి గుర్తు పడిందంటే ఆ మాట చచ్చిపోయినట్టు.

మధ్యాహ్నం ఆయన రైలు స్టేషను మెట్ల దాకా నడిచారు. అక్కడ ఒకామె హార్మోనియం మెడకు తగిలించుకుని పాడుతోంది. పాట అయ్యేదాకా నిలబడ్డారు.

"నిన్ను ఏమని పిలుస్తారమ్మా?"

"పిలవడం కూడానా! పొమ్మంటారు బాబాయ్," పకపకా నవ్విందామె. "ఎందుకూ, పెళ్ళిలో పాడిస్తావా? నీకేనా పెళ్ళి?"

ఆయనా నవ్వారు. కానీ ఆమె ఆ మాట అనలేదు. అననిది అన్నట్టు రాయడం ఆయనకు చేతకాదు.

తనను తాను చారణుణ్ణని చెప్పుకున్న మనిషిని ఆయన ఒక్కణ్ణే ఎరుగుదురు. అయితే సొంతవాళ్ళ మాట రాస్తే చుట్టరికం కూడా రాసి సంతకం పెట్టాలని కార్యాలయం నియమం. ఉద్యోగంలో చేరిననాడు తండ్రిది బట్టల వ్యాపారమని రాశారాయన. భార్యకూ అదే చెప్పారు. పాపం, ఆవిడ అదే నమ్మి కన్నుమూసింది.

నాలుగింటికి కలం మూత తీశారు. నిబ్బు చాలాసేపు గాలిలోనే ఉండిపోయింది.

ఐదింటికి సంపాదకురాలు వచ్చింది. "పెట్టేయమంటారా మాస్టారూ, కత్తి?"

ఆయన గడ్డం ఛాతీకి ఆని ఉంది. కునుకు పట్టిందనుకుని భుజం తట్టింది. ఒళ్లో ఉన్న చెయ్యి పక్కకు జారింది.

అచ్చు ఒకరోజు ఆగింది. మర్నాడు పుటలు వెళ్ళినప్పుడు ఆ మాట పక్కన ఏ గుర్తూ లేదు. పెట్టెలో, పాత చీటీల మధ్య, ఆయన చేత్తో రాసిన కొత్త చీటీ ఒకటి నిలబడి ఉంది: "‘చారణుణ్ణమ్మా, పాట వింటే చాలు, మంచినీళ్ళిచ్చినా పాడతాను.’ ఎవరో ఒకరి వాకిట్లో, నా ఎనిమిదో ఏట. అన్నవారు: మా నాన్న." సంతకం మామూలుగానే ఉంది, ‘నాన్న’ అన్నచోట మాత్రం సిరా రెండుసార్లు దిద్ది ఉంది.