నిలబెట్టి చూడని బీపీ

లేజరుతో మూసిన నరం ఎంత చక్కగా మూసుకుందో ఇప్పుడెవరితో చెప్పుకోవాలి, మొన్నటి స్కానింగులో ఒక్క చుక్క రక్తం కిందికి జారలేదు, పనికి వంక పెట్టడానికి లేదు, మనిషే లేడు, అనుకుంటూ కాళ్ళ నరాల డాక్టరమ్మ ఇస్త్రీ ఆయన ఫైలు తిరగేస్తోంది, తలుపవతల బెంచీ మీద ఆయన భార్య, లోపలికి పిలవాలి, ఒక్క నిమిషం ఆగి పిలుద్దాం, ముప్ఫై ఏళ్ళు ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డ కాళ్ళు, పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బిపోయి, అయినా మొదటి రోజే, మీ కోటు ఎవరు ఇస్త్రీ చేశారమ్మా, మళ్ళీ వాడి చేతికివ్వకండి అని నవ్వించాడు, ఆ నవ్వులోనే అన్నాడు, నిలబడలేకపోతున్నానమ్మా అని, ఆమె రాసుకుంది, నిలబడితే కాళ్ళ నొప్పి, నొప్పి అని ఆయన అన్నాడా, అనలేదు, తనే కలిపింది, వాపు తగ్గాలని నీరు తీసే మాత్ర కూడా రాసింది, బీపీ పడుకోబెట్టి చూశారు, నూట ముప్ఫై, భేషుగ్గా ఉంది, ఆ తర్వాత స్కానింగుకి పావుగంట స్టూలు మీద నిలబెట్టింది, ఆయన కమ్మీ పట్టుకుని ఊగుతుంటే, కదలకండి, బొమ్మ చెడిపోతోంది అని కసిరింది కూడా, మొహం నిండా చెమటలు పట్టాయని నర్సు అంటే ఫ్యాను పెంచమంది, తన చూపు మోకాళ్ళ కిందే ఉంది.

భార్య వచ్చింది, కూర్చోమంటే కూర్చోలేదు, కాళ్ళు బాగయ్యాయి కదమ్మా, మరెందుకు పడ్డాడు, కింద మూట తీయడానికి వంగి లేచాడంతే, చేతిలో ఉన్న చొక్కా నలక్కుండా పట్టుకునే పడ్డాడు, తల బల్ల అంచుకి తగిలింది, లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయని ఎప్పట్నుంచో అంటున్నాడు, మీ మాత్ర మొదలెట్టాక గోడ పట్టుకుని నడిచేవాడు, డాక్టరమ్మకి చెప్పమన్నాను, చెప్పానే, నిలబడలేకపోతున్నానని మొదటి రోజే చెప్పాను, ఆవిడకి తెలుసులే అన్నాడు.

వయసు మీద పడింది కదమ్మా అనెయ్యొచ్చు, మాట నాలుక చివరే ఉంది, ఈమె నమ్ముతుంది, దండం కూడా పెట్టి వెళ్తుంది, అది తలచుకుంటేనే డాక్టరమ్మకి ఒళ్ళు కంపరమెత్తింది, ఆయన తల తిరుగుడు గురించి చెప్పాడు, తను కాళ్ళ గురించి విన్నది, నిలబెట్టి ఒక్కసారి బీపీ చూసుంటే, లేవగానే పడిపోతోందని తెలిసిపోయేది, దాన్ని ఇంకా పడేసే ఆ మాత్ర రాసేదే కాదు, ఆయన కాళ్ళ వల్ల పోలేదు, తన మాత్ర వల్ల పోయాడు, ఈ సంగతి తను చెప్పకపోతే ఈమెకి ఇంకెవరూ చెప్పరు.